గోలు వెనక వరుసలో మా పక్కతోట అన్న

మా పక్కతోట అన్న పోయారు. మొన్న పొద్దున మా ఇంట్లో మిఠాయి పంచుతున్న వేళ కబురు వచ్చింది. ముందురోజు సాయంత్రమే నా కొడుకును మా కోయంబత్తూరు హాకీ టీముకు పెద్ద కోచ్‌గా ప్రకటించారు. ఒకప్పుడు అదే టీముకు గోల్‌కీపరుగా నిలబడినవాడు వాడు. నా సంతోషం ఏమని చెప్పను! కినత్తుకడవు బస్టాండులో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. నన్ను ఎరగనివాళ్ళకు కూడా చెప్పాను. అన్నకు మాత్రం ఫోనులో కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలని ఆగాను. మిఠాయి డబ్బా చంకన పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటుంటే వాళ్ళ కోడలు ఫోను చేసింది. "చిన్నమామా, మా మామ లేవలేదు" అంది. అంతే.

చావు గురించి రాసేచోట సంతోషం రాయకూడదంటారు. ఆయన గురించి రాస్తూ సంతోషాన్ని ఎట్లా ఆపుకోవాలో నాకు తెలియదు. నేను చదివింది తమిళ బడిలో, అదీ కొంచెమే. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

దహనం అయ్యాక వాళ్ళ వాకిట్లో కూర్చుని మేం పాతవాళ్ళం మాట్లాడుకున్నది టీము తొలి ఏళ్ళ గురించే. ఇప్పుడు టికెట్టు దొరకడమే కష్టం. అప్పుడు గోలు వెనక వరుసలో ఉన్నది మేమే, కొబ్బరి తోటలవాళ్ళం. మాతోపాటు మిల్లులో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కొందరు. నడుమ అన్న, ఒడిలో ఉడకబెట్టిన వేరుసెనక్కాయల సంచి. టీము వెనకబడిందంటే తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టేవారు. ఆట బాగా సాగని రోజున ఆ తలగుడ్డకు తీరికే ఉండేది కాదు. మొదట్లో "కాలితో తన్నరా!" అని అరిచేవారు. హాకీలో గోల్‌కీపరుకు తప్ప ఎవరికీ కాలు తగలకూడదని నా కొడుకు చెప్పాక "కర్ర అడ్డం పెట్టరా, అడ్డం, అడ్డం!" అని మార్చుకున్నారు. పంజాబు నుంచి వచ్చిన ఆటగాడొకడు కొన్నాళ్ళకు మైదానంలో తానే "అడ్డం! అడ్డం!" అని కేకలు పెట్టసాగాడు. ఆరోజు అన్న ముఖం చూడాలి!

ఆ మొదటి ఏడంతా ఓటమే. ఓడిన రోజు మేం లేవబోతే అన్న పంచె పట్టి లాగేవారు. "కూర్చోండ్రా. గెలిచినోళ్ళతో ఊరంతా పోతుంది. ఓడినోళ్ళు లోపలికి పోయేదాకా మనం ఉండాల" అనేవారు. ఆఖరి ఆటగాడు తలుపు దాటాకే ఆయన లేచేవారు. నా కొడుకు ఎన్నిసార్లు తల దించుకుని నడుస్తూ, ఆ ఒక్క తలగుడ్డను చూసి చెయ్యి ఎత్తాడో!

ఆ ఏడు చివరి ఆట రోజు గురించి చెప్పాలి. ఆటకు ముందే టీము పెట్టిన పెద్దలు తేల్చి చెప్పేశారు: ఈ ఆట గెలవకపోతే టీమును వేరే ఊరికి అమ్మేస్తామని. కొనే ఊరివాళ్ళకు గోల్‌కీపరు వాళ్ళవాడే ఉన్నాడు. టీము పోతే నా కొడుకుకు ఆట పోయినట్టే, మళ్ళీ పని కోసం మిల్లు గేటు దగ్గర నిలబడవలసిందే.

హాకీ మైదానం పచ్చగా కనిపిస్తుంది గాని అది గడ్డి కాదు, ప్లాస్టిక్ పరుపు. ఆటకు ముందు బాగా తడపాలి. పొడిగా ఉంటే బంతి గెంతుతుంది, పడ్డవాడి చర్మం లేచిపోతుంది. ఆ వేసవిలో మైదానం బోరు ఎండిపోయింది. వస్తానన్న నీళ్ళ లారీ రాలేదు. వేళకు తడపకపోతే ఆట లేదు, గెలుపు అవతలివాళ్ళదే అని అధికారి చెప్పేశాడు. నా కొడుకు ఫోను చేశాడు.

"నైనా, నీళ్ళు లేవు. మన తట్టు ఎక్కడన్నా దొరుకునా? బిరాన చూడు నైనా."

నా బావిలో అడుగు కనిపిస్తోంది. అన్న తోటలో బావి లోతైనది, కానీ అది ఆయన ఒక్కరిదే కాదు. ఆయనకూ, వాళ్ళ పెద్దనాయన కొడుక్కూ ఉమ్మడి. వంతుల మీద పారించుకుంటారు, మా తట్టు దాన్ని మురై అంటాం. ఒకరి మురైలో ఇంకొకరు చెంబుడు నీళ్ళు తోడరు. పైగా ఆ ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒకరి మురై అయిపోతే మోటారు గది తలుపుకు కొబ్బరిమట్ట ఆనించి పోయేవారు. మట్ట చూసి రెండోవారు వచ్చేవారు. అదే వాళ్ళ పలకరింపు.

మేం రెండు ట్రాక్టర్లకు ట్యాంకర్లు తగిలించుకుని పోయేసరికి తలుపు దగ్గర మట్ట లేదు. మోటారు ఆడుతోంది. మురై ఆ పెద్దనాయన కొడుకుది.

నేను ఉండబట్టలేక, "వాల్వు తిప్పేద్దాం అన్నా, తర్వాత చెప్పుకోవచ్చు" అన్నాను.

"మురై నీళ్ళు దొంగిలించినోడి ఇంట్లో నేను గుక్కెడు నీళ్ళు తాగను తమ్ముడూ, నేనే దొంగనవుతానా? అడగాల్సిందే" అని, తలగుడ్డ తీసి చేత పట్టుకుని నడిచారు.

ఆ పెద్దనాయన కొడుకు, అన్నకు అన్న వరస, కొబ్బరి మొక్కల పాదులో పారతో మట్టి లాగుతున్నాడు. మమ్మల్ని చూశాడు. పార ఆపలేదు. మా అన్న తలగుడ్డ మడత పెడుతూ నిలబడ్డారు. నాకు లోపల గడియారం కొట్టుకుంటోంది. చివరికి ఆ పెద్దాయనే నావైపు చూసి అడిగాడు.

"ఏమి, ట్యాంకర్లు కట్టుకొని వచ్చుండారు?"

"హాకీ మైదానానికి నీళ్ళు కావాలన్నా. పిల్లోళ్ళ ఆట ఆగిపోతుంది" అన్నాను.

"ఎంత గడ్డి ఉండాది అక్కడ?"

"గడ్డి కాదన్నా, ప్లాస్టిక్కు."

పార ఆగింది. "ప్లాస్టిక్కుకు నీళ్ళా! నా మొక్కలు చస్తుంటే ప్లాస్టిక్కు తడపాలా నేను? నువ్వెందుకు అడుగుతుండావు, అతనికి నోరు లేదా?"

మా అన్న తల దించుకున్నారు. మళ్ళీ ఎత్తారు. "ఉండాది" అన్నారు.

"ఉంటే అడగమను. ముందు నన్ను ఏమని పిలిచేవాడో అట్ల పిలిచి అడగమను."

నేను మా అన్నవైపు చూశాను. చిన్నప్పటినుంచీ మాట మీద నిలబడిన మనిషి, గొడవలో ఒక్క మెట్టు దిగని మనిషి. నా కొడుకు ఆయనకు ఏమవుతాడు? రక్తమా, చుట్టమా?

"అన్నా" అన్నారు. ఒక అడుగు ముందుకు వేశారు. "అన్నా, నీళ్ళు ఇయ్యి. ఈ మురై నాకియ్యి. నా రెండు మురైలు నువ్వు తీసుకో."

ఆ పెద్దాయన పార పక్కన పడేశాడు. పోయి తానే గొట్టం లాగి ట్యాంకరులో పెట్టాడు. రెండూ నిండాక, మేం పిలవకుండానే, ట్రాక్టరు మడ్‌గార్డు మీదికి ఎక్కి కూర్చున్నాడు. "నా నీళ్ళు ఏడ పోస్తారో చూడొద్దా?" అన్నాడు. పొల్లాచ్చి రోడ్డు మీద ప్రతి గుంటలోనూ నీళ్ళు తొణికి చింది పడుతుంటే, "సుమ్మా, ఊరికే రోడ్డుకు పోస్తుండారు, మెల్లగా పోనీరా!" అని తిట్లు. మెల్లగా పోతే వేళకు చేరం, వేగంగా పోతే నీళ్ళు మిగలవు.

చేరేసరికి అధికారి చేతిగడియారం చూసుకుంటున్నాడు. ఆటగాళ్ళే గొట్టాలు పట్టుకుని తడిపారు. ఈల మోగింది.

మావాళ్ళు ఒక్క గోలు ముందున్నారు. ఆట అయిపోవచ్చింది అనుకుంటుండగా అవతలివాళ్ళకు పెనాల్టీ కార్నర్, అంటే గోలుకు ఎదురుగా నిలబడి కొట్టే అవకాశం, దొరికింది. గోలులో నా కొడుకు. అది పడితే సమం, సమమైతే చాలదు, టీము పోతుంది.

"నేను చూడలేనన్నా" అన్నాను.

"నువ్వు కళ్ళు మూసుకో తమ్ముడూ. నేను చూసి చెప్తా" అని నా చెయ్యి పట్టుకున్నారు.

మూసుకున్నాను. కర్ర తగిలిన చప్పుడు. ఇంకో చప్పుడు. జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. అన్న ఏమీ చెప్పలేదు. "అన్నా?" అన్నాను. పలకలేదు. ఆయన వేళ్ళు మాత్రం నా చేతిని ఇంకా బిగించాయి. ఇంక ఆగలేక కళ్ళు తెరిచి ఆయనవైపు తిరిగాను.

ఆయన కూడా కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు! ఒక చేత నన్నూ, రెండో చేత వాళ్ళ అన్ననూ పట్టుకుని, పిల్లవాడు సూది మందుకు భయపడినట్టు ముఖమంతా ముడుచుకుని కూర్చున్నారు. మా ముగ్గురిలో కళ్ళు తెరిచి చూసినవాడు, జన్మలో హాకీ చూడని ఆ పెద్దాయన ఒక్కడే.

"ఏమిరా తమ్ముడా, బంతి ఆ గోలుకాడి పిల్లోడి కాళ్ళకింద ఇరుక్కొని ఉండాది" అన్నాడాయన. "అది మంచిదా, చెడ్డదా?"