రత్నమ్మ మేడమ్, మా దానిమ్మ వేర్లు

నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి జల్లు పడి, షెడ్డు చూరు కింద పెట్టిన వేపపిండి బస్తాలు తడిశాయి. ఆ చేదు ఘాటు ఇంట్లోకి వచ్చేసరికి కంచంలో నా చేయి ఆగిపోయింది. ఈ వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం అది రత్నమ్మ మేడమ్ వాసన. ఆమె స్కూటరు దిగి గేటు తీయకముందే, ఆమె చీరకు పట్టిన వేపపిండి కంపు మా తోటలోకి వచ్చేది.

ఆమె కదిరిలో ఒక చిన్న మట్టి పరీక్షల కేంద్రంలో ఉండేది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పుట్టింది గుమ్మఘట్ట పక్క పల్లెలో కాబట్టి తెలుగులో సగం కన్నడం కలిసేది. వేరును బేరు అనేది. నన్నుగానీ మా ఊళ్ళో ఎవరినిగానీ పొగడగా నేను వినలేదు.

మా చేను తనకల్లు దగ్గర. మా నాయన జీవితమంతా వేరేవాళ్ళ తోటల్లో కూలి చేసి, చివరికి సర్కారు మాకు పట్టా ఇచ్చిన ఎర్ర దిబ్బ మీద బోరు వేయించాడు. నీళ్ళు పడిన రోజు ఆయన ఆ బురదలోనే కూర్చుని ప్రార్థన చేశాడు. ఆ నీళ్ళతో నేను దానిమ్మ పెట్టాను. మొదటి కాపు రాకముందే ఆకులు పసుపురంగుకు తిరిగాయి, ఎండ ఎక్కేసరికి చెట్లు తల వాల్చడం మొదలుపెట్టాయి. మొక్కలు అమ్మిన నర్సరీ యజమాని దగ్గరికి పోతే, పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా నన్ను నిలబెట్టే మాట్లాడాడు. "మొక్కల్లో ఏం లేదప్పా. తోటలు చేయడం మీకు చేతగాదు" అన్నాడు. ఆ మాట నన్నొక్కణ్ణే అన్నది కాదని నాకు తెలుసు. మా నాయనకూ తెలుసు. ఆయన తల వంచుకుని బయటికి నడిచాడు. నేను నడవలేదు. అప్పటినుంచి తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. ఒక ఆఫీసులో గుమస్తా, నాకు వినపడేట్టే, "అర్జీ యోహాను వచ్చినాడు, ఫ్యాను ఆపండి, ఉక్కకు తట్టుకోలేక ఆయనే పోతాడు" అన్నాడు. ఆ గుమస్తా ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

రత్నమ్మ మేడమ్ కూడా మొదటి రోజు నన్ను వరండాలో చాలాసేపు కూర్చోబెట్టింది. అదీ మరిచిపోలేదు. అయితే మర్నాడు తనే గునపం, బకెట్టు తీసుకుని తోటకు వచ్చింది. ఒక చెట్టు మొదట్లో తవ్వి, పీచువేర్లు కోసి, నీళ్ళలో జాడించి నా అరచేతిలో పెట్టింది. వేరు పొడవునా రాగిగింజలంత ముడులు. కంటికి కనపడని నులిపురుగులు లోపల చేరి ఇట్లా బుడిపెలు కట్టిస్తాయనీ, పైన ఎంత నీరు, ఎరువు పోసినా చెట్టుకు అందనీయవనీ చెప్పింది. పోయేముందు గేటు బయట స్కూటరు ఆపి, డబ్బాలో తెచ్చుకున్న నీళ్ళతో చెప్పులు, కాళ్ళు, గునపం రుద్ది రుద్ది కడుక్కుంది. మా మట్టి రేణువు కూడా మిగలకుండా.

మా నాయన చిన్నతనంలో, పై కులాలవాళ్ళు మా వాడలోకి వస్తే తిరిగి పోయేటప్పుడు వాడ మొగదల కాళ్ళు కడుక్కునేవాళ్ళట. ఆ సంగతి ఆయన చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు, అందుకే నాకు ఎక్కువ మండేది. రెండోసారి ఆమె గేటు దగ్గర డబ్బా తీయగానే నేను ఎదురుగా నిలబడ్డాను.

"మా చేను తొక్కితే అంత మైలా మేడమ్?"

ఆమె నా ముఖం చూసింది. కోపగించుకోలేదు, సర్దిచెప్పలేదు. "బండెక్కు" అంది.

మా ఊరి పెద్దరైతు తోటకు తీసుకుపోయింది. ఆయన చేలో మా నాయన ముప్పై ఏళ్ళు కూలి చేశాడు. అక్కడ గేటు బయటే ఆమె మళ్ళీ కాళ్ళు కడుక్కుంది, నన్నూ నా కాళ్ళు కడుక్కోమంది. లోపల తవ్వి చూస్తే ఆ వేర్లకూ అవే ముడులు. తిరిగి వచ్చేటప్పుడు మాతోపాటు రోడ్డు మీదికి వస్తున్న ఆ పెద్దాయన్ను ఆపి, "నీ చేని మన్ను నీ చేన్లోనే ఉండనీ రెడ్డీ, కాళ్ళు కడుగు" అంది. ఆయన ఒకసారి నావైపు చూశాడు. తర్వాత పంచె ఎగగట్టి, చెప్పులు విడిచి, వంగాడు. పురుగు మట్టితోపాటు ఒక చేను నుంచి ఇంకో చేనుకు నడుస్తుందనీ, దానికి కులం తెలియదనీ నాకప్పుడు అర్థమైంది. కానీ ఈ ముక్క మొదటి రోజే నాతో చెప్పి ఉండాల్సింది. ఆమె బతికున్నన్నాళ్ళూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

తోట మొత్తం పీకేయమని ఆమె చెప్పిన రోజు నేను ఒప్పుకోలేదు. అక్కడక్కడ పిందెలున్నాయి. మందు పోద్దామన్నాను. పురుగు వాడి మొక్కల వేర్లతోనే వచ్చిందనీ, ముందు ఆ నర్సరీవాడి సంగతి తేల్చాలనీ అన్నాను. సాక్ష్యం కావాలంటే తను యాడికైనా వచ్చి చెప్తాననీ, వాడు తప్పు ఒప్పుకున్నా నా నేలలో పురుగు చావదనీ అంది. మా నాయన చెట్ల మధ్య నిలబడి మాటామాటా వింటున్నాడు. ఆమె నాతో కాదు, ఆయనతో చెప్పింది.

"చెట్టు పోతే ఇంగో చెట్టు వస్తాది పెద్దయ్యా. ఈ నేల పోతే మీకు ఇంగో నేల యాడుండాది?"

మా నాయన పోయి పార తెచ్చాడు.

వేర్లు ఒక్కటి వదలకుండా ఏరి కాల్చాం. నడివేసవిలో లోతుగా దున్ని ఎండకు వదిలేశాం. మా సీమలో ఎండకు కరువు లేదు, ఆ ఒక్కసారే అది మా పక్షాన పనిచేసింది. తర్వాత వేపపిండి చల్లి బంతి వేశాం, బంతి తీసి జొన్న వేశాం. బంతివేర్లు ఈ పురుగుకు గిట్టవట. దానిమ్మ పీకి బంతిపూలు పెట్టినందుకు ఊళ్ళో నన్ను ఎవరెవరు ఏమన్నారో పేరు పేరునా చెప్పగలను.

ఆ కాలంలోనే కింద మడిలో వేసిన వేరుశనగకు వేరుపురుగు, వేర్లు కొరికే లావుపాటి తెల్ల పురుగు, తగిలింది. మేడమ్ ఒక ప్యాకెట్టు తెచ్చి, పొద్దు వాలాక తడినేలలో పోయమంది. ఏమిటని అడిగితే, అదీ నులిపురుగేనంది. నాకు ఒళ్ళు మండి, పురుగును వదిలించుకోలేక చస్తుంటే కొత్తగా తెచ్చి పోయమంటారా అని ప్యాకెట్టు గట్టు మీద పడేశాను. ఆమె నెమ్మదిగా దాన్ని తీసి దుమ్ము దులిపింది.

"ఇవి బేరు జోలికి పోవప్పా, నీ పురుగునే తింటాయి. అన్నిటి మీదా ఒకే అర్జీ పెడతాండావు నువ్వు."

కొన్నాళ్ళకు తవ్వి చూస్తే, తెల్లగా బలిసి ఉండాల్సిన వేరుపురుగులు ఇటుకరంగుకు తిరిగి, మెత్తబడి చచ్చి ఉన్నాయి. నేను ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. ఆ మౌనం కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది.

దానిమ్మ మళ్ళీ పెట్టేముందు పరీక్ష ఒకటుంది. చేని మట్టిని కుండీల్లో నింపి టమోటా నాట్లు పెట్టాలి. మట్టిలో పురుగు మిగిలి ఉంటే టమోటా వేరు దాచలేదు, ముడి కడుతుంది. మొదటిసారి ముడులు కనపడ్డాయి. మళ్ళీ బంతి వేయమంది. అంతలో ఆమె ఉద్యోగం ముగిసి సొంత ఊరికి వెళ్ళిపోయింది. మా నాయనకు ఆయాసం ఎక్కువైంది. చెట్లు ఎప్పుడు పెడతావని మంచంలోంచే అడిగేవాడు. మరుసారి టమోటా పీకితే వేర్లు దారప్పోగుల్లా తెల్లగా ఉన్నాయి. వాటిని తడిగుడ్డలో చుట్టుకుని, బస్సులు మారుతూ గుమ్మఘట్ట వైపు పోయాను. ఆమె ఒక్కసారి సరేనంటే చాలు, గుంతలు తీయడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఆమె చెల్లెలు తలుపు తీసి, అక్కకు చూపు పోయిందనీ, షుగరు జబ్బు కళ్ళను తినేసిందనీ చెప్పింది. మేడమ్ నా గొంతు గుర్తుపట్టింది. కుశలం అడగలేదు, చేయి చాపింది. గుడ్డ విప్పి వేర్లు పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో పోగునూ కొసదాకా నెమ్మదిగా జార్చుకుంటూ పోయింది. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"ఈడ ఒకటుండాది."

నేను వెలుగులోకి తీసుకుపోయి చూశాను. ఉంది, గసగసాల గింజంత. అంతదూరం పోయినందుకు ఒక మెచ్చుకోలు మాట లేదు. తిరుగు బస్సులో దారంతా ఆమెను తిట్టుకున్నాను. మనుషులను వద్దని పంపించి, మళ్ళీ బంతి విత్తనం చల్లాను. ఆ పూలు విచ్చకముందే మా నాయన పోయాడు. తర్వాతి వానలకు ఆమె పోయిందని ఆ చెల్లెలు ఫోన్ చేసింది.

ఇంకోసారి టమోటా వేర్లలో ఒక్క ముడీ లేదని తేలాకే పెట్టిన దానిమ్మ ఇప్పుడు నిండు కాపు మీద ఉంది. ఆ పూట ఆమె సరేనని ఉంటే మా నాయన చెట్లను చూసి పోయేవాడు. తర్వాత ఆ చెట్లు ఉండేవి కావు. ఈ రెండూ నిజమే. ఏటా తోట పక్కన కుండీల్లో టమోటా పెట్టి పీకుతాను. వేర్లు కడిగాక ముందు కళ్ళతో చూడను. కళ్ళు మూసుకుని, పోగు పోగునా, కొసదాకా, వేళ్ళతో వెతుకుతాను.