పనసపొట్టు కూర కోసం నేను చేసిన యుద్ధం

ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ తిట్టుతోపాటు మా ఇంటి గుర్తులు కూడా రాసిచ్చి, ఆయన్ని మా గుమ్మంలోకి రప్పించుకున్న ఘనుణ్ణి నేను. ఇంత తెలివైన పని కాకినాడ మొత్తంలో ఇంకెవరైనా చేశారేమో కనుక్కోండి. ఉంటే వాళ్ళ చేతులు పట్టుకుని ఏడుస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. మా వీధి చివర కొత్తగా వెలిసిన నెట్ సెంటర్లో నా జీవితం గడుస్తుండేది. అక్కడ మన తిండి గురించి మాట్లాడుకునే ఒక చర్చావేదిక దొరికింది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ దేశదేశాలవాళ్ళు ఆవకాయ గురించి కొట్టుకునేవారు. రోజూ అక్కడే పడి ఉంటున్నానని జాలిపడి నన్ను మర్యాదలు చూసే పెద్దని చేశారు. నా పేరు అక్కడ ‘ఆవఘాటు’. చివర గారు తగిలించి పిలిస్తేనే పలికేవాణ్ణి.

పదవి రాగానే నియమాలు రాసి పారేశాను. ఎవరినైనా గారు అనాలి, మాట చివర అండి ఉండాలి, అంతే. మన గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి అంతకుమించి మర్యాద ఏముంటుంది చెప్పండి? అండి చేరిస్తే ఎంత మాటైనా చెల్లిపోతుందని నా గట్టి నమ్మకం. ‘నీకు బుర్ర లేదు’ అంటే తిట్టు. ‘మీకు బుర్ర లేదండి’ అంటే సలహా. ఈ సూత్రం ప్రకారం నేను ఎంతమందికి సలహాలిచ్చానో లెక్కలేదు.

అలాంటి రోజుల్లో ‘పట్టిసీమ’ అనే పేరుతో ఒకాయన వచ్చి, పనసపొట్టు కూరలో ఉల్లిపాయ సన్నగా తరిగి వేయించి కలిపితే బాగుంటుందని రాశారు. నా ఒళ్ళు మండిపోయింది. పనసపొట్టులో ఆవ పెడతారు గానీ ఉల్లిపాయేమిటి? నేను పుట్టి బుద్ధెరిగి మా అమ్మ కూరలో ఉల్లిపాయ ముక్క చూసిన పాపాన పోలేదు. అసలు ఉల్లిపాయంటేనే నాకు పడదు. ఇంతాచేసి అప్పటికి నేను వంటింట్లోకి వెళ్ళింది మంచినీళ్ళ కోసమే, అది వేరే సంగతి.

ఆయన నిదానంగా, మా ఇంట్లో ఇలాగే చేస్తారండి అన్నారు. మీ ఇల్లేమన్నా ప్రమాణమాండి అన్నాను. ఒకసారి చేసి చూడండి అన్నారు. చూడ్డానికి నాకు మతి పోలేదండి అన్నాను. ఇలా ఓ వారం నడిచింది. అమెరికాలో ఉన్న ఒకావిడ మధ్యలో వచ్చి, మీరిద్దరూ ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో, చదువుతుంటే మా ఊరు గుర్తొస్తోంది అని మురిసిపోయింది. దాంతో నాకు ఇంకా ఊపొచ్చింది.

ఆఖరికి ఇలా రాశాను: “ఉల్లిపాయ వెయ్యమని మీ ఆవిడగారు చెప్పారాండి? అయితే ఆవిడకి వంటా రాదు, మీకు రుచీ తెలీదండి. ఓసారి మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి కూర తిని బాగుపడండి.” కింద మా పేట, మా సందు, నీలం రంగు మెట్లు, అన్నీ వివరంగా ఇచ్చాను. ఆయన నుంచి జవాబు లేదు. గెలిచానని పునుగులు తిన్నాను.

ఆదివారం పొద్దున్న తలుపు చప్పుడైతే అమ్మ తీసింది. తెల్లచొక్కా వేసుకున్న డెబ్భై ఏళ్ళాయన, భుజాన గోనెసంచిలో పనసకాయ.

“పట్టిసీమ నుంచి వచ్చానండి. ఆవఘాటు గారి ఇల్లు ఇదేనాండి?”

నేను వెనక గదిలో మంచం మీద కొయ్యబారిపోయాను. నా భయం ఆయన గురించి కాదండోయ్, అమ్మ గురించి. ఒకసారి చుట్టాల ముందు మా పిన్ని వంటని వెక్కిరించాడని మా నాన్నతోనే నెలరోజులు మాట్లాడలేదు. ముక్కూమొహం తెలియని ఇల్లాలిని నేనేమన్నానో తెలిస్తే నా గతేమిటి? పెరట్లోంచి గోడ దూకుదామనుకున్నాను. అంతలో అమ్మ కేకేసింది.

వెళ్ళి నిలబడ్డాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. “మరీ చిన్నవారండీ మీరు” అన్నారు. తరవాత అమ్మతో, “మీ అబ్బాయిగారు భోజనానికి పిలిచారు చెల్లెమ్మా. మా ఆవిడ పోయాక నన్ను భోజనానికి పిలిచినవాళ్ళే లేరండి” అన్నారు.

ఆవిడ పోయాక. నేను రాసిన ప్రతి అండీ వచ్చి నా చెంప పగలగొట్టినట్టయింది. ఆయన మాత్రం ఆ తిట్టు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ కూర ఎన్నిసార్లు చేసినా తనకి కుదరడం లేదని, ఎక్కడ పొరపాటవుతోందో చూసి నేర్చుకుందామని వచ్చానని అన్నారు. తిట్టేస్తే బతికిపోదును.

అమ్మకి మహా సంబరమైపోయింది. “అయ్యో, దానికేముంది అన్నయ్యగారూ, రండి” అని వంటింట్లో పీట వేసింది. చేతులకి నూనె రాసుకుని పనసకాయ కొట్టే పని నాకు పడింది. జిగురు మోచేతులదాకా పట్టింది. పొట్టు ఉడికించి, నీళ్ళు పిండేసి, పోపు పెట్టేవేళకి అమ్మ బుట్టలోంచి రెండు ఉల్లిపాయలు తీసి, దారాల్లా తరిగి బాణలిలో వేసింది.

“అమ్మా, అదేంటి?” అన్నాను.

“ఎప్పుడూ వేసేదే. చిన్నప్పుడు ఉల్లిపాయ కనబడితే కంచం తోసేసేవాడివి కదరా. అందుకని సన్నగా తరిగి పొట్టులో కలిపేసేదాన్ని. ఇన్నేళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నావు.” ఆయనవైపు తిరిగి, “వీడికి చెప్పలేదండి, చెబితే తినడు” అని నవ్వింది.

పెద్దాయన పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఊగిపోతున్నాయి. కాసేపటికి కళ్ళు కూడా ఆ కండువాతోనే తుడుచుకున్నారు. భోజనంలో మొదటి ముద్ద తిని, ఇంకో ముద్ద కలుపుకున్నారు. “కూర చల్లారాక ఆవ కలపాలన్నమాట. నేను వేడిమీదే కలిపేస్తున్నానండి” అన్నారు మెల్లిగా.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి వెళ్ళి, తప్పయిపోయిందండి, ఆవిడ లేరని నాకు తెలీదండి అన్నాను. ఏడుపొచ్చేసింది.

“ఉంటే మాత్రం అనొచ్చాండి?” అన్నారాయన. నా భుజం తట్టి, “ఆవిడ ఉంటే మిమ్మల్ని అక్కడే కడిగేసేదిలెండి. నాకంత చేతకాదు, అందుకని కాయ పట్టుకొచ్చేశాను. ఆ ఉల్లిపాయ సంగతి అక్కడ ఎవరికీ చెప్పనులెండి” అన్నారు.

ఆయన చెప్పలేదు. మర్నాడు నేనే చెప్పాను, మొత్తం, అందరి ముందూ. ఇంటికొచ్చి అమ్మకీ చెప్పాను. అమ్మ నెలరోజులు మాట్లాడలేదు. వండి పెట్టడం మాత్రం మానలేదు. ప్రతి కూరలోనూ ఉల్లిపాయలు, ఈసారి గుప్పెడంత ముక్కలు.

అవి తింటూ కంచం ముందు చేసిన ప్రమాణం ఇది: నేను తింటున్నదేమిటో నాకే తెలియని ఈ లోకంలో, ఇంకొకరి ఇంటి కూర గురించి బతికుండగా నోరెత్తను.