జిలానీ సీసా

వేంపల్లెలో జిలానీ బాషా పొద్దున్నే బోరునీళ్లు గాజుసీసాలో పట్టి, ఒక కన్ను మూసి, ఎండకెత్తి చూస్తాడు. "ఏమప్పా, ఈపొద్దు మన బోరు పాసా, ఫెయిలా?" అని వీధిలోవాళ్లు నవ్వుతారు. గల్ఫ్‌లో చమురుబావుల దగ్గర అతనిది అదే పని. చమురుతోపాటు పైకొచ్చే నీళ్లను ఎడారిగుంటలోకి వదిలేముందు, వాటిలోని నూనె, ప్రభుత్వం పెట్టిన హద్దు దాటలేదని తేల్చడానికి సీసా నింపి పరీక్షకు పంపేవాడు. "ఐదో తరగతి సదివినోణ్ణి. పద్నాలుగేండ్లలో నా సీసా ఒక్కటీ తప్పలా. సర్టిఫికెట్ ఇచ్చినారు!" అని టీ అంగడిలో చెప్పని రోజుండదు.

మొన్న మేనల్లుడు అమ్జద్, అదే కంపెనీలో అదే పనికి పోతూ, సెలవు తీసుకోవడానికి వచ్చాడు. "నీళ్లల్లో నూనె ఎక్కువుంటే ఏం చేస్తాంటివి మామా?" అన్నాడు.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సీసా జిలానీ చేతిలోనే ఉంది. గోడమీది సర్టిఫికెట్ వైపు మాత్రం చూడలేకపోయాడు.

"సీసా ఫెయిలైతే పై ఆఫీసరు ఊరుకోడు. క్యాంపులో తాగేనీళ్ల కుళాయి కింద సీసా పట్టి పంపేటోణ్ణి. ఆ గుంటలో తాగి ఒంటెలు శానా సచ్చిపాయరా. వాటి కాపరి నా ముందరే కూలబడి ఏడిసినాడు."

అల్లుడు ఛీ కొడతాడని, కనీసం ప్రయాణం మానుకుంటాడని ఎదురుచూశాడు. అమ్జద్ జేబులోని వీసా కాగితం తడుముకుని, తల వంచుకునే అడిగాడు.

"ఆ కుళాయి యాడుంటాది మామా?"

జిలానీ సీసాలోని తేటనీళ్లను చూశాడు.

"వంటగది ఎనక," అన్నాడు.