గోడ అవతలి రేసు

కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే కరెంటు బస్సులో కూర్చుని, ఫోన్‌లో కార్ల రేసు చూస్తున్నాను. పక్కసీటాయన గల్ఫ్ నుంచి వచ్చిన రుద్రంగి మనిషి. ఆయనా మెడ చాచి చూస్తున్నాడు. రేసు కార్లన్నీ కరెంటుకు మారాలంటూ కారణాలు వరుసపెట్టాను: పొగ ఉండదు, శక్తి వృథా కాదు, చప్పుడు ఉండదు.

"చప్పుడు లేకుంటే మాకెట్ల తెలుస్తది తమ్మీ? గల్ఫ్‌ల రేసు ట్రాక్ గోడ పక్కనే మా కూలీల క్యాంపు. టికెట్ కొనే తాహతేది? డాబా ఎక్కినా గోడ అడ్డమే; ఏ బండి ముందున్నదో చప్పుడును బట్టి పందెం కాస్తుంటిమి. ఓడినోడు గా పూట అందరికి రొట్టెలు చెయ్యాలె!"

అంటూనే "ఝుయ్‌య్‌య్..." అని నోటితో బండిని మలుపు తిప్పాడు. నిశ్శబ్దంగా పోతున్న బస్సంతా ఉలిక్కిపడి చూసింది.

"ఏం కాకా, నా బస్సుకు ఇంజను పెడుతున్నవా?" అని కండక్టరమ్మ పకపకా నవ్వింది.

రేసులు కరెంటుకు మారాలనే ఇప్పటికీ వాదిస్తాను. కారణాల్లోంచి చప్పుడును మాత్రం తీసేశాను.