టైరు గాడిలో నిమ్మగింజ

కర్నూలు చుట్టుపక్కల ఖాసిం వలి చేతికి ఒక పేరుండేది. ఆ చేతి మీదుగా బయటికి పోయిన కారు గుద్దుకోదని, గుంతలో పడదని, నడిదారిలో మొరాయించదని. హస్తవాసి అనేది డాక్టర్లకే ఉంటుందనుకునేవాళ్లు నంద్యాల రోడ్డులోని ఆ కార్ల షోరూముకు వచ్చి చూడాల్సింది. కోడుమూరు నుంచి, పత్తికొండ నుంచి, ఆలూరు నుంచి వచ్చినవాళ్లు మేనేజరు ముందు కూర్చుని రంగు గురించి, మైలేజీ గురించి అన్నీ అడిగి, చివరికి గొంతు తగ్గించి వలి ఉన్నాడా అని అడిగేవాళ్లు. ఉన్నాడంటేనే బండి తీసుకుపోయే తేదీ ఖాయం చేసుకునేవాళ్లు.

వలి చేసేది పెద్ద పనేం కాదు. ఇరవై రెండేళ్లుగా ఒకటే పని. కొత్త కారును కడిగి తుడిచి, అద్దాల మీది కాగితాలు పీకి, ముందు రిబ్బను కట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని బండిని మొదటి నాలుగు గజాలు తానే కదిలించి, తాళం వాళ్ల చేతిలో పెట్టడం. నాలుగు కాయలూ ఒక్కసారే పగలాలి. ఒకటి పక్కకు జారి పగలకుండా మిగిలిందంటే కొన్నవాళ్ల మొహాలు మాడిపోతాయి. వలి పెట్టిన కాయ ఏనాడూ జారలేదు. దానికి కారణం హస్తవాసి కాదు, బొటనవేలి గోరు. కాయ అడుగున గోటితో చిన్న గాటు పెట్టి నేలకు అదిమితే అది కదలదు. ఆ సంగతి ఇంట్లో బీబమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. అయితే ఇరవై రెండేళ్లు నలుగురూ పొగుడుతుంటే ఎవరికైనా తలకెక్కుతుంది. గోరు సంగతి తెలిసి కూడా, తన చేతిలో ఏదో ఉందని వలి కూడా నమ్మడం మొదలుపెట్టాడు. సాయిబు చేత నిమ్మకాయ తొక్కించడమేంటని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పీర్ల పండక్కి అక్కడ నిప్పులగుండం తొక్కే హిందువులను చూసినవాళ్లకు ఆ ప్రశ్నే రాదు.

రెండు వేల పంతొమ్మిది ఎండాకాలంలో అమ్మకాలు సన్నగిల్లాయి. అంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరు కొంటారు, శ్రావణం రానీ అన్నారు. శ్రావణమూ వచ్చింది, నెలంతా కలిపి రెండే రెండు బండ్లు పోయాయి. చవితి పోనీ అన్నారు. చవితి పోతే పెద్దల పక్షాలు వచ్చాయి. పక్షాల్లో ఎవడైనా కొత్త బండి కొంటాడా అన్నారు. మన పంచాంగంలో ఉన్న సుఖమే అది. ఎంత పెద్ద కష్టాన్నైనా ఇంకో పదిహేను రోజులు వాయిదా వేసుకోవచ్చు. పేపర్లో మాత్రం దేశమంతా ఇదే కథ అని, ఫ్యాక్టరీలు వారానికి రెండు రోజులు మూస్తున్నారని, అప్పులిచ్చే కంపెనీలు చేతులు ముడుచుకున్నాయని రాశారు. చేసి పెట్టిన బండ్లను ఎక్కడో ఒకచోట నిలపాలి కాబట్టి పొడవాటి లారీలు వచ్చి షోరూము వెనక యార్డులో వాటిని దించిపోతూనే ఉన్నాయి. వద్దంటే వినే నాథుడు లేడు.

అమ్ముడుపోయిన కారుతో పని ఒక్క పూట. అమ్ముడుపోని కారుతో పని తెగదు. మూడు రోజులకోసారి స్టార్టు చేయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఒకే చోట నిలబెడితే టైరు ఆ చోట నొక్కుకుపోతుంది. అందుకని వలి రోజూ పొద్దున వరసగా ఒక్కో బండి ఎక్కి, స్టార్టు చేసి, కాసేపు కూర్చుని, అరచక్రం ముందుకు జరిపి దిగేవాడు. కట్టుకొయ్యకే ఉండిపోయిన ఎద్దును నడిపించినట్టు. ఆ ఎండలో తలుపు తీస్తే లోపల పొయ్యి ముందు కూర్చున్నట్టుండేది. నలభై ఏడు బండ్లు జరిపి దిగేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. మరుసటి రోజుకు మళ్లీ అన్నిటి మీదా ఎర్రదుమ్ము. ఎవరి కోసం తుడుస్తున్నట్టు అని తనను తానే అడిగి, గుడ్డ పిండి మళ్లీ తుడిచేవాడు. యాభై నాలుగేళ్ల వయసులో అలుపంటే ఏంటో ఆ ఏడే తెలిసింది.

మొదట టీ ఇచ్చే మనిషిని మానిపించారు. తర్వాత ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి పోయింది. అమ్మకాల కుర్రాళ్లు పద్నాలుగు మందిలో అయిదుగురు మిగిలారు. మేనేజరు వీరభద్ర తన టీ తానే పెట్టుకుని, ఒక గ్లాసు వలికి కూడా తెచ్చి ఇచ్చేవాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే రక్తపోటు మాత్రలు మింగేవాడు. పక్షాలు మొదలైన రోజు అతను టీతో పాటు ఒక మాట కూడా తెచ్చాడు. కడపలో ఉండే ఓనరు ఈ షోరూము మూసేద్దామంటున్నాడట.

"దసరా పూట ఒక్క బండి గేటు దాటితే సాలు వలీ భాయ్, ఇంకో మూన్నెల్లు చూద్దామని ముసలాయనకు నేను నచ్చజెప్తా," అన్నాడు వీరభద్ర. "అది గూడా లేకపోతే నాకు నోరు లేవదు."

ఆ వారమంతా వలికి తిండి సహించలేదు. ఇరవై రెండేళ్ల పని పోతుందన్న భయం ఒకటి. దానికన్నా లోతుగా ఇంకొకటి కుట్టింది. నిమ్మకాయ ముట్టుకుని నెల దాటింది. వాడని కత్తికి తుప్పు పట్టినట్టు తన చేతివాసి కూడా పోయిందేమో, అందుకే గిరాకీ రావడం లేదేమో అనుకున్నాడు. దేశమంతా బండ్లు ఆగిపోవడానికి కర్నూల్లో తన చెయ్యే కారణమనుకోవడం ఎంత వెర్రో పక్కవాడెవడైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అతను ఎవరినీ అడగలేదు.

శుక్రవారం పొద్దున బీబమ్మ ఊరగాయకని తెచ్చుకున్న నిమ్మకాయల్లోంచి నాలుగు జేబులో వేసుకుని వచ్చాడు. యార్డులో ఉగాది ముందు నుంచీ పడి ఉన్న తెల్లకారు ఒకటుంది, అన్నిటికన్నా పాతది. ఎవరూ రాకముందే దాని చక్రాల కింద కాయలు పెట్టి, గోటితో గాటు పెట్టి, తొక్కించాడు. నాలుగూ ఒక్కసారే పగిలాయి. ఆ చప్పుడుకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నీళ్లు కొట్టి టైర్లు కడిగి, తొక్కలు ఊడ్చి అవతల పారేశాడు.

చూస్తే ఫలితం కూడా కనపడింది. పక్షాలు పోయీ పోగానే ఆస్పరి దగ్గరి పల్లె నుంచి తిమ్మన్న అనే రైతు, భార్య హులిగెమ్మ వచ్చారు. ఎనిమిదేళ్ల కింద తిమ్మన్న బామ్మర్దికి కారు తొక్కించి ఇచ్చింది వలే. ఈనాటికీ దానికి గీత పడలేదట. యార్డంతా తిరిగి తిరిగి హులిగెమ్మ ఆ తెల్లకారు దగ్గరే ఆగింది. బయానా కట్టారు. మిగతా డబ్బుకు తమ ఊరి బ్యాంకులో లోను అడిగామని, ఆయుధపూజ నాటికి వచ్చేస్తుందని, ఆ రోజే బండి తీసుకుపోతామని చెప్పారు. వలి ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

ఆయుధపూజ రోజు షోరూముకు మామిడాకులు కట్టారు. తిమ్మన్న కొత్త పంచె కట్టుకుని, వెంట పదిమంది చుట్టాలను జీపులో వేసుకుని వచ్చాడు. ఓనరు కడప నుంచి రెండుసార్లు ఫోను చేసి గేటు దాటిందా అని అడిగాడు. ఇంతలో తిమ్మన్నకూ ఒక ఫోను వచ్చింది. అవతలికి పోయి చాలాసేపు మాట్లాడి, కండువాతో మొహం తుడుచుకుంటూ వచ్చి భార్య చెవిలో ఏదో చెప్పాడు. ఎండ తగిలిందేమోనని వలి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

హులిగెమ్మ చక్రాలకు పసుపు పూయడానికి వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. తర్వాత చెంపపిన్నుతో టైరు గాడిలోంచి ఏదో గీకి అరచేతిలో వేసుకుంది. ఎండిపోయిన నిమ్మగింజ, దానికి అంటుకుని ఇంత తొక్క.

"ఈ బండికి ముందే నిమ్మకాయలు తొక్కించినారు," అంది. "ఎవురికో అమ్మి, వాళ్లు వద్దంటే మల్ల మాకు అమ్ముతాండారా?"

చుట్టాలంతా మూగారు. వీరభద్ర ముందుకొచ్చాడు. కూలోళ్లు అన్నం తిని పారేసిన నిమ్మచెక్క అయ్యుంటుందని, యార్డన్నాక చెత్త ఉండదా అని ఏదో అన్నాడు. పాపం అతనికి నిజం తెలియదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు, ఇక్కడ గింజ కళ్లముందరే ఉంది. తిమ్మన్న మేనేజరు వైపు చూడనైనా చూడలేదు.

"వలన్నా, నువ్వు జెప్పు," అన్నాడు. "నువ్వు కాదంటే కాదు. నీ మాట సాలు మాకు."

తలూపితే చాలు. బండి గేటు దాటుతుంది, షోరూము నిలబడుతుంది. వీరభద్ర కళ్లతోనే బతిమాలుతున్నాడు. వలికి ఊపేద్దామనే ఉంది, ఆ సంగతి దాచడమెందుకు. కానీ ఈ మనుషులు తన చేతిని నమ్మి ఇంత దూరం వచ్చారు. ఆ చేత్తోనే అబద్ధం మీద బండి నడిపించి ఇచ్చి, రేపు దారిలో ఏమన్నా అయితే తనకు నిద్ర పట్టదు.

"ఈ బండి ఎవురూ కొనలేదమ్మా, ఎవురూ ఎక్కలేదు. నిమ్మకాయలు పెట్టింది నేనే," అన్నాడు. "నెల పైనాయ నా చేతికి పని లేక. వాసి పోయిందేమోనని బయపడి, ఒక శుక్రవారం నేనే తొక్కిస్తి. తప్పు నాది."

హులిగెమ్మ గింజను కిందికి జారవిడిచింది. వలి మాట నమ్ముతున్నానని, అయినా మనసు విరిగిందని, ఈ పూటకు ఇంకే బండీ వద్దని మెల్లగా చెప్పింది. యార్డులో నలభై ఆరు ఉన్నాయి, ఏది కావాలంటే అది తీసుకోండని వీరభద్ర ఎంత చెప్పినా వినలేదు. చుట్టాలు శకునం మంచిది కాదని తలా ఒక మాట అని జీపెక్కారు. మర్నాడు షోరూమువాళ్లు బయానా వెనక్కి పంపేశారు.

కార్తీకం రాకముందే షోరూము మూతపడింది. బండ్లన్నీ కడపకు తరలించారు. లారీలెక్కించే రోజు వలి వచ్చి ఒక్కొక్కటే స్టార్టు చేసి ఇచ్చాడు. అన్ని నెలలు ఎండలో పడి ఉన్న బండ్లు, ఒక్కటి కూడా మొండికేయలేదు. మెచ్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. వీరభద్ర వలిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే వలికి కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత బళ్లారి చౌరస్తా దగ్గర లారీలు కడిగే షెడ్డులో కుదిరాడు. రోజంతా నీళ్లలో నానిన వేళ్లతో ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. షోరూములో ఉన్నవాళ్లందరి కూడూ తన నాలుగు నిమ్మకాయలే చెడగొట్టాయని బీబమ్మతో అనేవాడు. ఊరుకోమని ఆమె చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

శివరాత్రికి వారం ముందు షెడ్డులోకి ఒక పాత కారు వచ్చి ఆగింది. రంగు వెలిసి, ఒక పక్క తలుపు సొట్టబోయి ఉంది. తిమ్మన్న, హులిగెమ్మ దిగారు. ఆదోనిలో ఎవరో అమ్ముతుంటే కొన్నారట. శ్రీశైలం పోతున్నామని, వలి చేత్తో నిమ్మకాయ తొక్కించందే ఘాట్ ఎక్కనని తిమ్మన్న పట్టుబట్టాడు. వలికి నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. కొత్త బండి మీద ఒక్క గింజ చూసి మనసు విరిచుకున్న మనుషులు, ఎవరెవరి నిమ్మకాయలు తొక్కిందో తెలియని బండిని కొనుక్కొచ్చారు. తిమ్మన్న టెంకాయ కోసం అంగడికి పోయాక ఆ మాటే హులిగెమ్మతో అన్నాడు.

ఆమె కాసేపు కొంగు వేలికి చుట్టుకుంది.

"నీ నిమ్మకాయలో ఏం తప్పు లేదన్నా," అంది. "ఆ పొద్దు బ్యాంకోల్లు ఫోను జేసి లోను రాదనిరి. పదిమంది సుట్టాల్ను ఎంటబెట్టుకోనొచ్చి, దుడ్లు లేవని మా ఆయప్ప ఎట్ల జెప్పుకుంటాడు? నా కంటికి ఆ గింజ అగుపడింది. అంతే."

వలి చేతిలోని నీళ్ల గొట్టం అలాగే కారుతూ ఉండిపోయింది. గుండె మీది బరువు దిగింది. వెంటనే మంట పుట్టింది, నాలుగు నెలలు ఊరకే కుమిలినందుకు. ఆ మంటా ఎంతోసేపు నిలవలేదు, అంత ఓపిక లేదు. నిజం చెప్పినందుకు బండి ఆగలేదు, అబద్ధమాడినా కదిలేది కాదు. తన చెయ్యి అమ్మకాలను తెచ్చిందీ లేదు, పోగొట్టిందీ లేదు. షోరూము మునగడానికి తన తప్పు కూడా చాలలేదు. అది తలుచుకుంటే మాత్రం ఎందుకో కళ్లు తడి అయ్యాయి.

"ఆయప్పకు తెలీదు నేను నీకు జెప్పినట్ల," అంది హులిగెమ్మ.

"తెలియనీనులేమ్మా," అన్నాడు వలి.

తిమ్మన్న టెంకాయ తెచ్చాడు. వలి బండిని శుభ్రంగా కడిగి, నాలుగు కాయల అడుగునా గోటితో గాటు పెట్టి, చక్రాల కింద అదిమాడు. నాలుగూ ఒక్కసారే పగిలాయి. తిమ్మన్న మొహం చేటంత అయింది. వలి వంగి నాలుగు టైర్ల గాళ్లలోంచీ గింజలు పుల్లతో తీసేశాడు. ఒక్క గింజ మాత్రం, వెనక చక్రంలో, కనపడీ కనపడనట్టు వదిలేశాడు. ఎప్పుడన్నా పదిమందిలో వాళ్లకు మళ్లీ అక్కరకు రావచ్చు. తర్వాత చేతులు తుడుచుకుని తాళం తిమ్మన్న చేతిలో పెట్టాడు.