పన్నెండు తీగలు శ్రుతి కలిసిన ఆదివారం

1968లో, ఉగాది దాటిన తొలి ఆదివారం మధ్యాహ్నం, విజయనగరంలోని ఒక రేడియో మరమ్మతు దుకాణంలో నేను మొదటిసారి ఎలక్ట్రిక్ గిటారును ముట్టుకున్నాను. ఒకటి కాదు, రెండు. భోగాపురం తీరాన చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, ఓడ పనిలో చేరిన ఒకాయన సెలవుకు వస్తూ వాటిని తెచ్చాడు. ఒకదానికి ఆరు తీగలు, ఇంకొకదానికి పన్నెండు. మా పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా ఒక్కటే కొనగలదు. సాయంత్రం రైలుకు ఆయన విశాఖపట్నం వెళ్ళి ఓడ ఎక్కుతాడు. మిగిలినది ఆయనతోనే పోతుంది. నాకు మాత్రం, చూసిన క్షణం నుంచీ, పన్నెండు తీగలదే కావాలి.

వాయించబోయేది నేనే అయినా నిర్ణయం మా అక్క భర్తది. ఆర్కెస్ట్రా ఆయనది. అందులో మాండొలిన్ వాయించేదీ ఆయనే.

దుకాణదారు పెద్ద వాల్వు రేడియో వెనుక, గ్రామఫోన్‌కు ఉంచిన రంధ్రాల్లో గిటారు వైరు గుచ్చాడు. ఆరు తీగలది నిండుగా పలికింది. రెండోదాని తీగలు ప్రయాణం కోసం వదులు చేసి ఉన్నాయి. బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మాండొలిన్‌కు చేసినట్టే, ప్రతి జతలోని రెండు తీగలనూ ఒకే శ్రుతికి కలిపాడు. మీటితే, లావు తీగల పక్కనున్న సన్నవి వేలాడుతూ మెట్లకు కొట్టుకున్నాయి.

"ఏటిది, రేకుడబ్బాలో గులకరాళ్ళేసినట్టున్నాది," అన్నాడు బావ. "ఒరే, ఆరు తీగలదే తీసుకుందాం."

"ఓడలో బాగానే పలికేది బాబూ," అన్నాడు ఓడమనిషి. "నాకు వాయించడం రాదు గానీ, సెవులారా ఇన్నాను."

ఆ మాటతో నాకు ప్రాణం లేచివచ్చింది. తీగలను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాను. మాండొలిన్ జతలో రెండూ ఒకే లావు. ఇక్కడ మొదటి రెండు జతలే అలా ఉన్నాయి; తక్కిన నాలుగింటిలోనూ ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకే శ్రుతికైతే ఈ తేడా దేనికి? మా అక్క వీణకు పక్కనుండే సన్నతీగ పైస్థాయి షడ్జం పలకడం గుర్తుకు వచ్చింది.

"బావా, సన్నవి పైస్థాయికి లాగి సూస్తాను."

"తెగితే ఈ జిల్లాలో ఇంకో తీగ దొరుకుతాదేటి?"

"తెగితే ఆరు తీగలదే కొందాం."

"లాగు. తెగినాక ఏడిసావంటే ఊరుకోను."

లావు జతలు మూడూ సులువుగానే కలిశాయి. మిగిలినది మూడో జత. అందులోని సన్నతీగ అన్నిటికన్నా పలుచన. దాన్నే అన్నిటికన్నా ఎత్తుకు లాగాలి. అరచేతి చెమట పంచెకు తుడుచుకుని బిరడా తిప్పాను. తీగ కిర్రుమంది. ఓడమనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకొంచెం తిప్పాను. ఇంకొంచెం. స్వరం వచ్చి నిలిచింది.

పన్నెండింటినీ ఒక్కసారి మీటాను. రేడియో స్పీకరు ముందున్న గుడ్డ అదిరింది. అడుగున మంద్రం, దాని మీద తళతళలాడే పైస్థాయి, ఒకే మీటుకు రెండూ. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి కాలు కింద పెట్టి ఆగాడు.

"మళ్ళీ మీటు," అన్నాడు బావ.

మీటాను. ఈసారి ఆయన వెంట తెచ్చుకున్న మాండొలిన్ అందుకుని, ఒక పాట ఎత్తుకుని నాతో కలిశాడు. పాట ముగిశాక ఆరు తీగల గిటారును పెట్టెలో పెట్టి, గొళ్ళెం వేసి, ఓడమనిషి చేతికిచ్చాడు.

"ఇది ఓడెక్కించుకో," అని నా వైపు తిరిగాడు. "ఒరే, దీనికి సుతి సేసేసరికి తాళి కట్టేస్తారు. ఇకనుంచి నిన్ను పెళ్ళివారికంటే ముందే పందిట్లో కూకోబెడతాను."