తూము తెగిన దారిలో పసుపు బస్సు

రత్నకుమారిది మార్కాపురం. వేసవి వస్తే ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తిన ఊరు. నీళ్లు రావేమోనన్న భయం ఆమెకు తెలుసు గానీ, నీళ్లు మీదికొస్తాయన్న భయం యాభై ఏళ్లు దాటేదాకా తెలియదు.

భర్త వీరభద్రం కెనడాలో, ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. కూతురి చిన్నప్పుడు ఆమె కూడా అక్కడే ప్యాకింగ్‌లో నిలబడి పని చేసింది. కూతురు కావ్యశ్రీ చదువుకని దూరంగా సస్కటూన్ వెళ్లిపోయాక ఇంట్లో తోచక, స్కూల్ బస్ డ్రైవర్లు కావాలి, ట్రైనింగ్ మేమే ఇస్తాం అన్న బోర్డు చూసి అప్లై చేసింది. మార్కాపురంలో ఆమె సైకిల్ కూడా తొక్కలేదు. ఇక్కడికొచ్చాకే కారు నేర్చుకుంది. బస్సు రోడ్ టెస్టులో మొదటిసారి ఫెయిలైంది. రెండోసారి కూడా ఫెయిలైంది. వీరభద్రం నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. మూడోసారికి లైసెన్స్ వచ్చింది. ఊరి బయట పొలాల మధ్య వెళ్లే రూట్ ఆమెకిచ్చారు. పిల్లలు ఆమెను 'మిస్ రత్నా' అనేవాళ్లు.

ఆ మార్చి నెలలో మంచు ఒక్కసారిగా కరగడం మొదలైంది. శీతాకాలమంతా పొలాల మీద పేరుకున్న మంచు, దాని కింద రాయిలా గడ్డకట్టిన నేల. ఆ నేల చుక్క నీటిని కూడా పీల్చుకోలేదు. దాని మీద రాత్రంతా వాన కురిసింది, తెల్లారాకా ఆగలేదు. ఊరి నదిలో ఎగువన ఐస్ పగిలి కదులుతోందని రేడియోలో చెబుతున్నారు. మధ్యాహ్నానికి బడివాళ్లు, పిల్లల్ని తొందరగా ఇళ్లకు పంపేస్తాం, బస్సులు తీసుకురండి అని కబురు పెట్టారు.

ఊళ్లో దిగాల్సిన పిల్లలు దిగిపోయారు. దూరపు ఇళ్ల పిల్లలు కొద్దిమందే మిగిలారు. అందరికంటే చిన్నది అనన్య, ఒకటో తరగతి. గుంటూరు వాళ్లమ్మాయి. వాళ్ల నాన్న వాంకూవర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. పల్లె అంచున కొత్తగా కట్టిన ఇళ్లలో ఉంటారు. అనన్య ఎప్పుడూ ముందు సీట్లో, తలుపు పక్కనే కూర్చునేది. రత్నకుమారి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది.

ఆ పల్లెకు పోయే దారి ఒక పల్లంలోకి దిగి, మిట్ట ఎక్కి, మళ్లీ ఇంకో పల్లంలోకి దిగుతుంది. రెండు పల్లాల్లోనూ రోడ్డు కింద తూములున్నాయి, వాగు నీళ్లు వాటిలోంచి పోతాయి. మొదటి పల్లంలో రోడ్డు తడిగా ఉంది, అంతే. దాటేసింది. మిట్ట ఎక్కి రెండో వైపు దిగుతుండగా కింద రోడ్డు కనిపించలేదు. గోధుమరంగు నీళ్లు అడ్డంగా పారుతున్నాయి. వాటిలో తలుపంత ఐస్ పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

రత్నకుమారి బ్రేక్ తొక్కి పట్టుకుంది. ఆఫీసులో కూర్చుని బస్సులన్నిటికీ దారి చెప్పే షెల్లీని రేడియోలో పిలిచింది. నీళ్లలోకి పోవద్దు, వెనక్కి వచ్చెయ్ అంది షెల్లీ. ఆ సన్నటి రోడ్డు మీద అంత బస్సును తిప్పడం కుదరదు. అద్దాలు చూసుకుంటూ రివర్స్‌లో మిట్ట మీదికి పోనిచ్చింది. సగం దూరం పోయిందో లేదో, కుడివైపు వెనక చక్రం కింద రోడ్డు అంచు మెత్తగా దిగబడింది. మంచు కరిగి లోపల గుల్లబారిన మట్టి అది. బస్సు కుడిపక్కకు ఒరిగింది. పుస్తకాల సంచులు జారాయి. ఎవరో పిల్ల సన్నగా ఏడవడం మొదలుపెట్టింది.

యాక్సిలరేటర్ తొక్కితే చక్రం ఇంకా లోతుకు పోయింది. తలుపు ఉన్నది కుడివైపే. దాని కిందే గుంట, గుంట నిండా నీళ్లు. ముందున్న నీళ్లు తను ఆగినప్పటికంటే దగ్గరికొచ్చినట్టు ఆమెకు అనిపించింది. కళ్లు మోసం చేస్తున్నాయేమో అనుకుని, రోడ్డు అంచు తెలిసేలా పాతిన గుర్తు కర్రను చూసింది. ఇందాక కర్ర మొత్తం కనిపించింది. ఇప్పుడు మొదలు మునిగింది.

"షెల్లీ, బస్సు ఇరుక్కుపోయింది. నీళ్లు వస్తున్నాయి." మళ్లీ రేడియోలో చెప్పింది.

ఫైర్ వాళ్లు బయల్దేరారనీ, కానీ వెనక పల్లం కూడా మునిగిందనీ, వాళ్లు చుట్టు తిరిగి రావాలనీ షెల్లీ చెప్పింది. ఎడమవైపు మిట్ట మీద పొలం ఉంది, పొలంవాళ్లకు ఫోన్ చేస్తున్నాను, పిల్లల్ని దించగలవా అని అడిగింది.

ఆమె లేచి నిలబడింది. సీటు కమ్మీ పట్టుకుని పిల్లలకు చెప్పింది, సంచులు వదిలేయండి, వెనక ఎమర్జెన్సీ డోర్‌లోంచి ఒక్కొక్కరూ దిగండి, దిగగానే కంచె దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుని నిలబడండి అని. ముందు తను దూకింది. కాలు బురదమంచులో చీలమండ దాకా దిగింది. పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని జారుతుంటే చంకల కింద పట్టుకుని దించింది. వాన మొహాలకు కొడుతోంది. ఎవరూ అల్లరి చేయలేదు.

మిట్ట మీది ఇంట్లోంచి హెలెన్ అనే పెద్దావిడ, వానకోటు గుండీలు కూడా పెట్టుకోకుండా, ట్రాక్టరు వేసుకుని పొలంలో దిగొస్తోంది. రత్నకుమారి కంచె దగ్గర తలలు లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది. మళ్లీ లెక్కపెట్టింది.

"అనన్య ఏది?"

ఎవరికీ తెలియదు. ముందున్న ఆ పిల్ల అందరి వెనకా వస్తోందనే ఆమె అనుకుంది.

పిల్లల్ని చూస్తూ ఉండమని హెలెన్‌కు చెప్పి బస్సు దగ్గరికి పరిగెత్తింది. వెనక డోర్ పట్టుకుని పైకి ఎక్కబోతే చేతులు జారాయి. రెండోసారి మోచేతుల మీద పాకి ఎక్కింది. లోపల నేల ఏటవాలుగా ఉంది. ముందు భాగంలో మెట్ల మీదికి నీళ్లొచ్చి, నడిచే దారిలోకి పాకుతున్నాయి. వాటి చప్పుడు బస్సు లోపల ఎవరో గొణుగుతున్నట్టుంది.

అనన్య ముందు సీటు కింద ముడుచుకుని ఉంది. సీటు కాలును రెండు చేతులతో వాటేసుకుంది. బూట్లు నీళ్లలో ఉన్నాయి.

"అనూ, రా తల్లీ. పోదాం."

"నో. ఐ వాంట్ అమ్మ."

"అమ్మ దగ్గరికే పోదాం. చెయ్యి ఇవ్వు."

"నో."

లాగితే ఆ పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది. బస్సు ఏదో విరిగినట్టు చప్పుడు చేసి ఇంకొంచెం ఒరిగింది. రత్నకుమారికి కావ్యశ్రీ మొహం కళ్లముందు కదిలింది. వెంటనే, ఇప్పుడు బయటికి దూకేస్తే తను బతుకుతుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని తర్వాత భర్తకు ఒక్కడికే చెప్పింది.

ఆమె ఆ చల్లటి నీళ్లలో నేల మీద కూర్చుంది, పిల్ల మొహానికి తన మొహం అందేలా.

"నాకు కూడా భయంగా ఉందమ్మా. చాలా భయంగా ఉంది. ఒక్కదాన్నే అంత దూరం నడవలేను. నువ్వు నా మెడ పట్టుకుంటావా?"

అనన్య చూసింది. "యూ ఆర్ షేకింగ్, ఆంటీ."

"అవును. చూడు, చేతులు ఎలా వణుకుతున్నాయో. గట్టిగా పట్టుకో నన్ను."

పిల్ల ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది. మెడ చుట్టూ బిగిసిన ఆ చేతులతో రత్నకుమారికి ఊపిరాడలేదు. సీట్లు పట్టుకుంటూ, మోకాళ్ల మీద, వెనక డోర్ దాకా పాకింది. కింద హెలెన్ చేతులు చాచి నిలబడి ఉంది. పిల్లను అందించి తను దూకింది, దూకి పడింది, లేచింది.

వాళ్లు కంచె దాటాక వెనక పెద్దగా చప్పుడైంది. రోడ్డు కింద తూము తెగిపోయింది. నీళ్లు కోసుకుపోతుంటే బస్సు నెమ్మదిగా, అలసిన గొడ్డు పడుకున్నట్టు, గుంటలోకి పక్కకు ఒరిగి పడిపోయింది. పసుపు డొక్క ఒకటే పైకి కనిపిస్తోంది. ముందు అద్దాలకు ఐస్ పలకలు వచ్చి తగులుతున్నాయి.

హెలెన్ తన వంటింట్లో పిల్లలకు దుప్పట్లు కప్పి వేడి పాలిచ్చింది. చీకటి పడకముందే ఫైర్ వాళ్లు, వాళ్ల వెనకే తల్లిదండ్రులు వచ్చారు. అనన్య తల్లి సాత్విక కూతుర్ని ఎత్తుకుని, రత్నకుమారి దగ్గరికొచ్చింది. ఆమె భుజం మీద తల ఆనించి నిలబడింది.

ఆ తర్వాత రత్నకుమారి చాలా రోజులు ఇంట్లోనే ఉంది. బకెట్ నిండుతున్న చప్పుడు వింటే లేచి బయటికి వెళ్లిపోయేది. వీరభద్రమే కుళాయి కట్టేసేవాడు.

"ఇంక మానెయ్ రత్నా. వేర్‌హౌస్‌లో నీకు మళ్లీ పని ఇప్పిస్తాను," అన్నాడు ఒకరోజు.

"మానేస్తే భయం పోతుందా అండీ?"

"పోకపోవచ్చు. నాకు మాత్రం కొంచెం తగ్గుద్ది."

ఆమె ఆలోచించి షెల్లీకి ఫోన్ చేసింది. పొలాల రూట్ నా వల్ల కాదు, భయం, ఊళ్లో రూట్ ఉంటే ఇవ్వండి అని ఉన్నదున్నట్టు చెప్పింది. షెల్లీ ఇచ్చింది.

ఊళ్లో రూట్ అయినా నది మీది వంతెన దాటక తప్పదు. మొదటిరోజు వంతెన ముందు సిగ్నల్ ఎర్రగా పడింది. ఒడ్డుల మీద మట్టి పట్టిన ఐస్ కుప్పలు ఇంకా కరగలేదు. నీళ్లు మాత్రం బాగా కిందికి దిగిపోయాయి. ఆమె అరచేతులు చెమటతో స్టీరింగ్ మీద జారుతుంటే ఒకటి తర్వాత ఒకటి ప్యాంటుకు తుడుచుకుంది. సిగ్నల్ మారింది. నెమ్మదిగా పోనిచ్చింది. వెనక పిల్లలు ఏదో ఆట గురించి పోట్లాడుకుంటున్నారు, ఒక్కరు కూడా కిటికీలోంచి కిందికి చూడలేదు.